సెల్టిక్ అంటే ఎవరు? డీఎన్‌ఏ కిట్లకి తెలియని సంగతి

వేల్స్ రాజధాని కార్డిఫ్‌లో ఉంటే "నేను ఇంత శాతం సెల్టిక్ అంట" అని చెప్పేవాళ్ళు తరచూ తగులుతుంటారు. పిల్లల బర్త్‌డే పార్టీలో, ట్రైన్‌లో పక్క సీట్లో, ఆఫీసు కిచెన్‌లో టీ పెట్టుకుంటూ. చిన్న ట్యూబ్‌లో ఉమ్మి పోస్టులో పంపిస్తే కొన్ని వారాలకి ఫోన్‌లో రంగురంగుల మ్యాప్ వస్తుంది, అందులో ఐర్లండ్ మీదో వేల్స్ మీదో ఒక ఆకుపచ్చ మచ్చ, దాని పక్కన ఒక శాతం, ఇక ఆ రోజు నుంచి ఆ మనిషి సెల్టిక్. మా పెద్దవాళ్ళది ఏ ఊరు, ఎక్కణ్ణుంచి వచ్చారు అని తెలుసుకోవాలనే ఆశ ఎవరికైనా ఉంటుంది, దాన్ని నేను తక్కువ చేసి మాట్లాడట్లేదు. కానీ ఆ మచ్చ మీద "సెల్టిక్" అని రాయడం మాత్రం తప్పు, ఆ తప్పు వల్ల నష్టపోయేది కూడా నిజంగా ఆ పేరుకి తగినవాళ్ళే అని నా వాదన.

నా మాట ముందే చెప్పేస్తా. సెల్టిక్ అనేది ఆరు భాషల ఇంటిపేరు. వేల్స్‌లో వెల్ష్, ఫ్రాన్స్ పడమటి కొసన బ్రిటనీలో బ్రెటన్, ఇంగ్లండ్ నైరుతి కొసన కార్న్‌వాల్‌లో కోర్నిష్ ఒక శాఖ. ఐర్లండ్‌లో ఐరిష్, స్కాట్లండ్‌లో స్కాటిష్ గేలిక్, మాన్ ద్వీపంలో మాంక్స్ ఇంకో శాఖ. ఆ భాషల్ని మాట్లాడుతూ, చేజారినదాన్ని మళ్ళీ నేర్చుకుంటూ, పిల్లలకి అందించాల్సిందే అని పట్టుబట్టే జనం ఉన్నంతకాలమే ఆ మాటకి ప్రాణం. రక్తంతో దానికి పనిలేదు, మతంతో అసలే లేదు.

రక్తం సంగతి ముందు చూద్దాం, త్వరగా తేలిపోతుంది కాబట్టి. 2015లో బ్రిటన్ జనాల జన్యువుల మీద ఒక పెద్ద స్టడీ వచ్చింది. తాతలిద్దరూ, అమ్మమ్మ, నాయనమ్మ, ఈ నలుగురూ ఒకరికొకరు 80 కిలోమీటర్ల లోపు ఊళ్ళలో పుట్టినవాళ్ళని మాత్రమే ఏరి, 2,039 మందిని తీసుకున్నారు. అంటే రైళ్ళూ బస్సులూ వచ్చి జనం కలిసిపోకముందు ఎవరు ఎక్కడ ఉండేవాళ్ళో తెలిసేలాగా. అంత జాగ్రత్తగా చేసినా "సెల్టిక్" అనే ఒక గుంపు వాళ్ళకి దొరకలేదు. ఉత్తర వేల్స్ వాళ్ళు వేరు, దక్షిణ వేల్స్ వాళ్ళు వేరు. కార్న్‌వాల్ వాళ్ళైతే వేల్స్ వాళ్ళకన్నా పక్కనున్న ఇంగ్లిష్ వాళ్ళకే దగ్గరగా తేలారు. మరి టెస్టింగ్ కంపెనీ చూపించే ఆ శాతం ఏంటంటే, నీ డీఎన్‌ఏ ఈ రోజు ఫలానా ప్రాంతంలో ఉన్న మా కస్టమర్ల డీఎన్‌ఏని ఇంతమేరకు పోలి ఉంది అని. దానికి ఐర్లండ్ అని పేరు పెట్టుకోవచ్చు, ప్రాంతం పేరు కాబట్టి. సెల్టిక్ అని పెట్టడానికి ఆధారం లేదు.

ఇంకో సంగతి కూడా ఇక్కడే చెప్పాలి, ఇది నన్ను చాలా బాధపెట్టే విషయం. "సెల్టిక్ జాతి" అనే ఆలోచనని పంతొమ్మిదో శతాబ్దంలో గట్టిగా ప్రచారం చేసినవాళ్ళలో ఆ జనాన్ని అసహ్యించుకున్నవాళ్ళు చాలామంది ఉన్నారు. ఎడిన్‌బరోలో అనాటమీ పాఠాలు చెప్పిన రాబర్ట్ నాక్స్ అనే ఆయన, హత్యలు చేసి శవాలు అమ్మిన బర్క్, హేర్‌ల దగ్గర ఆ శవాలు కొన్నాయనే, 1850లో మనుషుల జాతుల గురించి రాస్తూ సెల్టులు పనికిరాని జాతి, వాళ్ళని ఈ నేల మీద నుంచి వెళ్ళగొట్టాలి అన్నాడు. ఆ సమయానికి ఐర్లండ్‌లో బంగాళాదుంప పంట కుళ్ళిపోయి పది లక్షల మంది దాకా చచ్చిపోతున్నారు, ఇంకా పది లక్షల పైన ఓడలెక్కి పారిపోతున్నారు. తర్వాత జాన్ బెడో అనే డాక్టర్ జుట్టు రంగు, కళ్ళ రంగు చూసి జనం ఎంత "నల్లవాళ్ళో" కొలిచే ఒక ఫార్ములా తయారుచేసి ఊరూరా తిరిగి లెక్కలు తీశాడు, ఆ లెక్కలో ఐర్లండ్, వేల్స్ పడమటి వైపు జనానికి ఎక్కువ మార్కులు. ఇప్పుడేమో తెల్లజాతి దురహంకార గుంపులు అదే సెల్టిక్ శిలువని జెండాల మీద, టాటూల మీద వేసుకుని తిరుగుతున్నాయి. ఒకప్పుడు సరిపడా తెల్లవాళ్ళు కాదని తిట్టడానికి వాడిన జాతి పేరుని ఇప్పుడు తెల్లదనానికి గుర్తుగా వాడుతున్నారు. రెండూ రక్తం కథలే, రెండిట్లోనూ భాష ఊసు లేదు.

సరే, మరి అసలు సెల్టులు అనేవాళ్ళు ఉండేవాళ్ళా? ఉండేవాళ్ళు. క్రీస్తు పూర్వం ఐదో శతాబ్దంలో గ్రీకు చరిత్రకారుడు హెరోడోటస్ డాన్యూబ్ నది పుట్టేచోట కెల్టోయ్ అనేవాళ్ళు ఉంటారని రాశాడు. రోమన్ సేనాని సీజర్ గాల్ దేశం, అంటే ఇంచుమించు ఇప్పటి ఫ్రాన్స్, గురించి చెప్తూ అక్కడ ఒక భాగం జనం తమని తాము సెల్టే అనుకుంటారు, మేము గాల్స్ అంటాం అన్నాడు. వీళ్ళ గుంపులు రోమ్ దాకా వచ్చి కొల్లగొట్టాయి, గ్రీసులో డెల్ఫీ మీద పడ్డాయి, కొన్ని క్రీ.పూ. 278లో సముద్రం దాటి ఇప్పటి టర్కీలో అంకారా చుట్టుపక్కల స్థిరపడ్డాయి. మన తెలుగు బైబిల్లో గలతీయులకు వ్రాసిన పత్రిక ఉంది కదా, ఆ గలతీయ అనే ప్రాంతానికి ఆ పేరు వచ్చింది వీళ్ళ వల్లే. ఆదివారం చర్చిలో ఆ పత్రిక చదివే మనవాళ్ళలో చాలామందికి ఈ సంగతి తెలియదు, పాఠం చెప్పేటప్పుడు ఎవరైనా చెప్తే ఎంత బాగుంటుందో. క్రీ.శ. నాలుగో శతాబ్దంలో కూడా వాళ్ళ భాష జర్మనీలో ట్రియర్ వైపు మాట్లాడే భాషలా ఉంటుందని బైబిల్‌ని లాటిన్‌లోకి తెచ్చిన జెరోమ్ రాశాడు. తర్వాత ఆ భాష పోయింది, జనం ఎక్కడికీ పోలేదు, గ్రీకు మాట్లాడారు, ఆ తర్వాత టర్కిష్. ఈ రోజు అంకారాలో ఎవరూ తమని సెల్టులు అనుకోరు, ఆ రక్తం వాళ్ళలో ఎంతో కొంత ఉండే ఉంటుంది.

ఇంకా గమనించాల్సింది ఏంటంటే, ఆ పాత గ్రీకు, రోమన్ రచయితలు బ్రిటన్ జనాన్ని, ఐర్లండ్ జనాన్ని సెల్టులు అనలేదు. బ్రిటన్ వాళ్ళని బ్రిటన్లు అన్నారు, ఐర్లండ్‌ని హైబర్నియా అన్నారు. ఇక్కడివాళ్ళకి ఆ పేరు గట్టిగా అంటుకున్నది చాలా తర్వాత, 1707లో. ఆక్స్‌ఫర్డ్‌లో ఆష్‌మోలియన్ మ్యూజియం కీపర్‌గా ఉన్న ఎడ్వర్డ్ లూయిడ్ అనే వెల్ష్ మనిషి నాలుగేళ్ళ పాటు వేల్స్, ఐర్లండ్, స్కాట్లండ్, కార్న్‌వాల్ అన్నీ తిరిగి, జనం మాట్లాడే మాటలు రాసుకుని, చివరికి బ్రిటనీ వెళ్తే అక్కడ గూఢచారి అనుకుని జైల్లో పెట్టారు. ఆ తిరుగుడంతా కలిపి ఆయన తేల్చింది, ఈ భాషలన్నీ ఒకదానికొకటి చుట్టాలు, పాత గాల్ భాషకి కూడా చుట్టాలు అని. వాటికి కలిపి సెల్టిక్ అనే పేరు నిలబడింది. ఇంగ్లండ్, స్కాట్లండ్ కలిసి గ్రేట్ బ్రిటన్ అయింది కూడా అదే ఏడు. అంతా ఒకటే దేశం, ఒకటే జనం అంటున్న సమయానికి, మేము వేరు అని చెప్పుకోవడానికి వేల్స్ వాళ్ళకీ ఐర్లండ్ వాళ్ళకీ ఒక మాట చేతికొచ్చింది.

తెలుగువాళ్ళకి ఇది కొత్త కథేం కాదు. ద్రావిడ అనే మాట మన దగ్గర నడిచిన దారి కూడా ఇదే. 1816లో మద్రాసులో ఎల్లిస్ దొర తెలుగు, తమిళం, కన్నడం సంస్కృతం నుంచి పుట్టినవి కావు, వీటిది వేరే కుటుంబం అని చూపించాడు, అదీ ఒక తెలుగు వ్యాకరణానికి రాసిన ముందుమాటలో. 1856లో కాల్డ్వెల్ ఆ కుటుంబానికి ద్రావిడ అని పేరు ఖాయం చేశాడు, ఆ కాల్డ్వెల్ పుట్టింది ఐర్లండ్‌లోనే, స్కాటిష్ తల్లిదండ్రులకి. ఆ తర్వాత భాషల కుటుంబం పేరు కాస్తా జాతి పేరైంది, రాజకీయం పేరైంది. కానీ గుంటూరులోనో వరంగల్‌లోనో ఎవర్నైనా నువ్వెవరు అని అడగండి, తెలుగువాణ్ణి అంటాడు, ద్రావిడుణ్ణి అనడు. బలూచిస్తాన్‌లో బ్రాహుయీ మాట్లాడేవాళ్ళు మన భాషా కుటుంబమే, వాళ్ళకీ మనకీ ముఖాలు కలవాలని ఎవరూ అనుకోరు. ఇక్కడా అంతే. ఉత్తర వేల్స్ లాన్‌బెరిస్‌లో గొర్రెలు కాసే ముసలాయన తనని తాను కమ్రో అంటాడు, అంటే వెల్ష్ మనిషి. ఐర్లండ్ పడమటి కానమారాలో మత్స్యకారుడు ఐరిష్ వాణ్ణి అంటాడు. నిద్రలేస్తూనే నేను సెల్టుని అనుకునేవాడు ఆ రెండు చోట్లా దొరకడు. ఆ మాట పైస్థాయి మాట, చుట్టరికం గుర్తుచేసుకునేటప్పుడు వాడే మాట.

ఇది పట్టుకునే 1990లలో కొందరు ఆర్కియాలజిస్టులు అసలు బ్రిటన్, ఐర్లండ్ ద్వీపాల్లో సెల్టులు అనేదే ఆధునిక కల్పన అని రాశారు. ఆస్ట్రియాలో హాల్‌స్టాట్ గోరీల్లో దొరికిన కత్తులు, స్విట్జర్లండ్‌లో సరస్సు ఒడ్డున లా తెన్ దగ్గర దొరికిన నగిషీలు, ఈ వస్తువులకీ భాషకీ జాతికీ ముడిపెట్టడం తప్పన్నారు. చరిత్ర వరకు వాళ్ళు చెప్పింది నాకు సబబుగానే అనిపిస్తుంది. కానీ అక్కణ్ణుంచి "కాబట్టి సెల్టిక్ అనేది ఏమీ లేదు" అనే దాకా వెళ్ళడం ఉంది చూశారా, అది అన్యాయం. పేరు 1707లో పెట్టి ఉండొచ్చు, లూయిడ్ రాసుకున్న ఆ మాటలు అప్పటికే వేల ఏళ్ళుగా జనం నోళ్ళలో ఉన్నాయి. పైగా ఆ పేరు పెట్టినప్పటి నుంచి మూడు వందల ఏళ్ళుగా జనం దాని కోసం బళ్ళు కట్టారు, జైళ్ళకెళ్ళారు.

మతం విషయానికొస్తే ఇక్కడ గందరగోళం ఇంకా ఎక్కువ. సెల్టిక్ అనగానే చాలామందికి తెల్ల బట్టలేసుకుని స్టోన్‌హెంజ్ రాళ్ళ మధ్య నిలబడ్డ డ్రూయిడ్లు, అంటే పాత సెల్టుల పూజారులు, గుర్తొస్తారు. స్టోన్‌హెంజ్ రాళ్ళు నిలబెట్టింది క్రీ.పూ. 2500 ప్రాంతంలో, డ్రూయిడ్ల గురించి మనకి తెలిసిన మొదటి మాటకి రెండు వేల ఏళ్ళ పైచిలుకు ముందు. డ్రూయిడ్ల గురించి తెలిసిందాంట్లో చాలావరకు బయటివాళ్ళు రాసిందే. వాళ్ళు ఇరవై ఏళ్ళ దాకా నోటితో పాఠం నేర్చుకునేవాళ్ళని, ఆ విద్యని రాతలో పెట్టడం తప్పనుకునేవాళ్ళని సీజర్ రాశాడు. ఆంగ్లసీ ద్వీపం మీద రోమన్ సైన్యం పడి వాళ్ళ పవిత్ర వనాల్ని నరికేసిన సంగతి రోమన్ చరిత్రకారుడు టాసిటస్ రాశాడు. రాయనివాళ్ళ విద్య వాళ్ళతోనే పోయింది.

ఈ నోటి పాఠం మాట పట్టుకుని డ్రూయిడ్లు మన వైదికులే అని చెప్పే వీడియోలు మనవాళ్ళలో తిరుగుతుంటాయి. సంస్కృతానికీ సెల్టిక్ భాషలకీ దూరపు చుట్టరికం ఉన్న మాట నిజం, 1786లో కలకత్తాలో ఆ సంగతి సూచించిన విలియం జోన్స్ తండ్రి వేల్స్‌లో ఆంగ్లసీ మనిషే. కానీ భాష చుట్టరికం నుంచి మతం ఒకటే అనేదాకా ఎగరడం, రక్తం నుంచి సంస్కృతికి ఎగరడం లాంటిదే. ఫ్రాన్స్‌లో కొలిన్యీ అనే ఊళ్ళో 1897లో ఒక కంచు పంచాంగం ముక్కలు దొరికాయి, గాల్ భాషలో. ఐదేళ్ళ పంచాంగం అది, చంద్రుడి నెలలు, సూర్యుడి ఏడాదికి సరిపెట్టడానికి మధ్యలో రెండు అధిక మాసాలు. చూస్తే మన ఉగాది పంచాంగం కళ్ళ ముందు కదులుతుంది. దాని అర్థం వాళ్ళు మన దగ్గర నేర్చుకున్నారనో మనం వాళ్ళ దగ్గర నేర్చుకున్నామనో కాదు, చంద్రుణ్ణీ సూర్యుణ్ణీ ఒకే లెక్కలో పెట్టాలంటే ఎవరికైనా ఒక నెల కలపక తప్పదు.

ఇవాళ డ్రూయిడ్ మతం పాటించేవాళ్ళు ఉన్నారు, 2010లో వాళ్ళ సంస్థ ఒకదానికి ఇంగ్లండ్, వేల్స్ ఛారిటీ కమిషన్ మత సంస్థగా గుర్తింపు కూడా ఇచ్చింది. వాళ్ళ నమ్మకం వాళ్ళకి నిజం, దాన్ని నేను కాదనను. కానీ ఈ ఆరు భాషల్ని ఈ రోజు దాకా మోసుకొచ్చినవాళ్ళు ఎక్కువమంది క్రైస్తవులు, వాళ్ళలో కూడా ఒకరికొకరు పడనివాళ్ళు. స్కాట్లండ్ లూయిస్ ద్వీపంలో గేలిక్ మాట్లాడే ప్రెస్బిటీరియన్, అంటే ఒక రకం ప్రొటెస్టెంట్, ఆదివారం బట్టలు కూడా ఆరేయడు, కాస్త దక్షిణాన బారా ద్వీపంలో అదే గేలిక్ మాట్లాడేవాళ్ళు కేథలిక్కులు. వెల్ష్ బతికిందంటే 1588లో విలియం మోర్గన్ అనే పాదిరి చేసిన బైబిల్ తర్జుమాకి అందులో పెద్ద చెయ్యి ఉంది, ఊరూరా చాపెల్ ఆదివారం బళ్ళలో పెద్దవాళ్ళు కూడా కూర్చుని ఆ పుస్తకంతోనే చదువు నేర్చుకున్నారు. ఆ చాపెల్ వాళ్ళే మన దేశం కూడా వచ్చారు, 1841లో చిరపుంజి చేరిన థామస్ జోన్స్ ఖాసీ భాషకి ఇంగ్లిష్ అక్షరాల్ని వెల్ష్ స్పెల్లింగ్ పద్ధతిలో అమర్చాడు, ఇప్పటికీ ఖాసీలు అలాగే రాస్తారు. ఇక తూర్పు బెల్‌ఫాస్ట్‌లో, పక్కా ప్రొటెస్టెంట్ ఏరియాలో, ఐరిష్ అంటే కేథలిక్కుల భాష అనుకునేచోట, లిండా ఎర్వైన్ అనే ఆవిడ ఐరిష్ క్లాసులు మొదలుపెట్టారు, ఈ భాష మాది కూడా అని. ఆ ఊళ్ళో ఆ మాట అనడానికి ఎంత ధైర్యం కావాలో అక్కడి గోడల మీద బొమ్మలు చూసినవాళ్ళకి అర్థమవుతుంది.

ఇంక సంస్కృతి. ఇక్కడే నాకు ఇష్టమైన మనిషి ఒకాయన ఉన్నాడు, యోలో మోర్గానుగ్. అసలు పేరు ఎడ్వర్డ్ విలియమ్స్, గ్లమోర్గన్‌లో రాళ్ళు చెక్కే పనివాడు, కవి, నల్లమందు అలవాటు ఉన్నవాడు, బానిసల చేత పండించిన చక్కెర అమ్మనని చెప్పి కౌబ్రిడ్జ్‌లో తన కొట్లో ఈస్టిండియా చక్కెర పెట్టి అమ్మినవాడు. 1792లో లండన్‌లో ప్రిమ్‌రోజ్ హిల్ మీద జేబులోంచి గులకరాళ్ళు తీసి గుండ్రంగా పేర్చి, ఇది డ్రూయిడ్ల కాలం నుంచి వస్తున్న కవుల సభ, గోర్సెథ్, అని ప్రకటించాడు. అంతా ఆయన సొంత సృష్టి. పాత కవుల పేరు మీద సొంత పద్యాలు రాసి కలిపేశాడు కూడా, పండితులు ఇరవయ్యో శతాబ్దంలో గానీ పూర్తిగా విడదీయలేకపోయారు. 1819లో ఆ గోర్సెథ్ వచ్చి ఐస్టెథ్‌వొడ్ అనే పాత కవితల పండగలో కలిసింది, ఇప్పటికీ ప్రతి ఆగస్టులో వేల్స్‌లో ఒక ఏడు ఉత్తరాన, ఒక ఏడు దక్షిణాన వారం రోజులు జరుగుతుంది, వేదిక మీద వెల్ష్ తప్ప ఇంకో భాష నడవదు.

అంగీలు వేసుకుని జరిపే ఆ గోర్సెథ్ తంతుని చూసి ఉత్త వేషాలు అనేవాళ్ళు ఉన్నారు. నేను చూశాను, నాకు అలా అనిపించలేదు. అందులో పెద్ద బహుమతి ఒక కుర్చీ. ఆ కుర్చీ దక్కాలంటే కంగానెథ్ అనే ఛందస్సులో పెద్ద కావ్యం రాయాలి, దాంట్లో ఒక పద్ధతిలో పాదం మొదటి సగంలో వచ్చిన హల్లులు అదే వరసలో రెండో సగంలో రావాలి, మన యతి ప్రాసలు అవధానులకే అంత సులువు కావు అనుకుంటే ఇది ఇంకా కఠినం. కవులు మారుపేరుతో పంపుతారు. సభలో లైట్లు తగ్గించి, బూర ఊది, ఫలానా మారుపేరు గల కవి లేచి నిలబడాలి అంటారు, వేల మందిలో ఎక్కడో ఒక మనిషి లేస్తాడు, అప్పటిదాకా పక్కవాళ్ళకి కూడా తెలియదు. పెద్ద కత్తిని ఒరలోంచి సగం లాగి ఆర్చ్‌డ్రూయిడ్, అంటే గోర్సెథ్ పెద్ద, మూడుసార్లు అడుగుతాడు, శాంతి ఉందా అని. జనమంతా ఒక్క గొంతుతో శాంతి అంటారు, అప్పుడు గానీ కవిని కూర్చోబెట్టరు. 1917 సెప్టెంబరులో బర్కెన్‌హెడ్‌లో జరిగిన సభలో బూర ఊదితే ఎవరూ లేవలేదు. గెలిచింది ట్రాస్‌వనిథ్ ఊరి గొర్రెల కాపరి ఎల్లిస్ ఎవాన్స్, హెథ్ విన్ అనే పేరుతో రాసేవాడు, అప్పటికి ఐదు వారాల ముందే, జులై 31న, బెల్జియంలో యుద్ధంలో చనిపోయాడు. కుర్చీ మీద నల్లగుడ్డ కప్పి ఇంటికి పంపారు. ఆ ఇల్లూ ఆ కుర్చీ ఇప్పటికీ ఉన్నాయి, వెళ్ళి చూడొచ్చు. మరి ఇది కల్పనేనా? ఆ అంగీలు, ఆ గులకరాళ్ళు యోలో కల్పనే. ఆ భాషలో ఆ పద్యం రాసిన కాపరి, ఆ పద్యం అర్థమై ఏడ్చిన జనం, వాళ్ళు నిజం. భాష ఉంది కాబట్టి నిలబడింది, లేకపోతే ఆ అంగీలు నిజంగానే ఉత్త వేషాలయ్యేవి.

మా అమ్మాయి వెల్ష్ మీడియం ప్రైమరీ స్కూల్లో చదువుతుంది. ఇంట్లో తెలుగు, బడిలో వెల్ష్, ఇంగ్లిష్ ఎలాగూ గాలిలోనే ఉంది. హోంవర్క్ దగ్గర కూర్చుంటే ఈ భాష ఎంత చిత్రమైందో తెలుస్తుంది, మాటలకి చివర కాకుండా మొదట్లో అక్షరం మారుతుంది. పిల్లిని కాథ్ అంటారు. నీ పిల్లి అంటే ద గాథ్. నా పిల్లి అంటే వ ఙాథ్. ఆమె పిల్లి అంటే ఇ ఖాథ్. డిక్షనరీలో గాథ్ అని వెతికితే దొరకదు, క దగ్గర వెతకాలి. "నాన్నా, అక్కడ క కాదు, గ అనాలి" అని అది నాకు చెప్తుంటే, చిన్నప్పుడు తెలుగు మాస్టారు చెప్పిన గసడదవాదేశ సంధి గుర్తొస్తుంది. అన్న, తమ్ముడు కలిస్తే అన్నదమ్ములు అవుతారు, త కాస్తా ద అవుతుంది. వెల్ష్‌లో కూడా దాదాపు అదే, త ద అవుతుంది, ప బ అవుతుంది, క గ అవుతుంది. చుట్టరికం ఏమీ లేని రెండు భాషలు, నాలుక కదిలే తీరు మాత్రం ఒకటే.

అబెరిస్ట్విత్ దగ్గర హైవే పక్కన ఒక పాత గోడ ఉంది, ఎర్ర రంగు మీద తెల్ల అక్షరాలతో కోవ్యుఖ్ ద్రవెరిన్ అని రాసి ఉంటుంది. త్రవెరిన్‌ని గుర్తుంచుకోండి అని, అక్కడా త ద అయింది. త్రవెరిన్ ఒక లోయ. అందులో కాపెల్ కెలిన్ అని పూర్తిగా వెల్ష్ మాట్లాడే ఊరు, చాపెల్, బడి, పోస్టాఫీసు, పొలాలు. లివర్‌పూల్ నగరానికి నీళ్ళు కావాలని పార్లమెంటులో బిల్లు పెట్టి, వేల్స్ ఎంపీలు దాదాపు అందరూ వ్యతిరేకించినా పాస్ చేసి, 1965లో ముంచేశారు. ముంపు గ్రామం అంటే ఏంటో శ్రీశైలం, పోలవరం చూసిన మనకి ఎవరూ చెప్పక్కర్లేదు. 2019లో ఎవరో ఆ గోడని పడగొడితే జనమే వెళ్ళి మళ్ళీ కట్టారు, అంతటితో ఆగక వేల్స్ అంతటా అవే అక్షరాలు ఊరూరా గోడల మీద రాశారు. 1980లో వెల్ష్ టీవీ ఛానల్ ఇస్తామన్న మాట థాచర్ ప్రభుత్వం తప్పితే గ్విన్‌వోర్ ఎవాన్స్ అనే నాయకుడు ఆమరణ దీక్షకి కూర్చుంటానని ప్రకటించాడు. పొట్టి శ్రీరాములు గారి సంగతి తెలిసిన తెలుగువాడికి ఆ మాట బరువు వేరేగా తెలుస్తుంది. ఇక్కడ ప్రభుత్వం దీక్ష మొదలవకముందే దిగొచ్చింది, 1982 నవంబరు 1న ఛానల్ మొదలైంది.

ఇప్పుడు నా వాదనకి ఎదురొచ్చే గట్టి ప్రశ్న. ఐర్లండ్‌లో 2022 జనాభా లెక్కల్లో ఐరిష్ వచ్చు అన్నవాళ్ళు 18 లక్షల 70 వేల మంది, కానీ బడి బయట రోజూ మాట్లాడేవాళ్ళు 71,968 మంది. మరి మిగతావాళ్ళు సెల్టిక్ కాదా? వాళ్ళ ముత్తాతలు ఆ భాష సరదాకి వదల్లేదు కదా, ఆకలి చంపింది, బళ్ళలో కొట్టారు, ఓడలెక్కిన పిల్లలకి ఇంగ్లిష్ వస్తేనే అన్నం దొరికేది. అలా లాక్కున్నదాన్ని చూపించి నువ్వు ఇక మనవాడివి కాదు అనడం క్రూరత్వం, ఆ మాట నేను అనను. వాళ్ళు ఐరిష్ వాళ్ళు, అది నిండైన పేరు, దానికి ఇంకో పేరు తోడు అక్కర్లేదు. కానీ సెల్టిక్ అనే మాట వాడుకోవాలంటే ఆ భాష వైపు ఒక్క అడుగైనా వెయ్యాలి అంటాను, క్లాసుకి వెళ్ళినా, పిల్లల్ని ఆ బడికి పంపినా, కనీసం ఆ బడి పెట్టొద్దని అడ్డుపడకపోయినా. 1961లో మొదలైన సెల్టిక్ లీగ్ కూడా ఈ కొలతే పెట్టుకుంది. స్పెయిన్‌లో గలీసియా వాళ్ళు, బాగ్‌పైప్ ఉంది, పాత కోటలున్నాయి, మమ్మల్ని కలుపుకోండి అంటే 1980లలో కుదరదంది, అక్కడ సెల్టిక్ భాష లేదు కాబట్టి. బ్రిటనీలో లోరియాన్ ఊళ్ళో 1971 నుంచి జరిగే పండగకి మాత్రం గలీసియా వాళ్ళూ వస్తారు, వాయిస్తారు, అందరూ కలిసి తాగుతారు. పండగకి అందరూ రావాలి. ఎవరి పిల్లలకి ఏ భాషలో బడి కావాలనే పోరాటానికి మాత్రం కొలత భాషే కావాలి.

మాన్ ద్వీపం చూస్తే నా మాట ఇంకా తేలిగ్గా అర్థమవుతుంది. మాంక్స్ మాతృభాషగా పెరిగిన ఆఖరి మనిషి నెడ్ మాడ్రెల్ 1974లో పోయాడు. 2001లో అక్కడ పూర్తిగా మాంక్స్‌లో చెప్పే ప్రైమరీ బడి మొదలైంది. 2009లో యునెస్కో తన జాబితాలో మాంక్స్ అంతరించిన భాష అని పెడితే ఆ బడి పిల్లలు ఉత్తరం రాశారు, మా భాష చచ్చిపోతే ఈ ఉత్తరం ఏ భాషలో రాస్తున్నాం అని, యునెస్కో ఆ మాట మార్చుకుంది. 1974కీ 2001కీ మధ్య ఆ ద్వీపం జనం డీఎన్‌ఏ ఏం మారలేదు. బడి వచ్చింది, అంతే మారింది. 1865లో మిమోసా అనే ఓడెక్కి అర్జెంటీనాలో పటగోనియా వెళ్ళిన వెల్ష్ వాళ్ళ మనవలు ఈ రోజు స్పానిష్ పేర్లతో, ఇటాలియన్ అత్తమామలతో, వెల్ష్ మాట్లాడుతూ అక్కడ కూడా ఐస్టెథ్‌వొడ్ చేసుకుంటున్నారు.

మరి మా అమ్మాయి? దాని క్లాసులో సోమాలీ పిల్లలున్నారు, బెంగాలీ పిల్లలున్నారు, పోలిష్ పిల్లాడున్నాడు, అందరూ గ్రౌండ్‌లో వెల్ష్‌లోనే పోట్లాడుకుంటారు. వాళ్ళని సెల్టిక్ అనాలా అంటే, పెద్దయ్యాక వాళ్ళు ఆ మాట కావాలనుకుంటే కాదనే హక్కు ఎవరికీ లేదు అంటాను. ఆ మాట అడగాల్సింది వాళ్ళు, వాళ్ళ తరఫున నేను కాదు. ఆ భాష అంతవరకు బతికి ఉండేలా చూడటం మాత్రం మా పెద్దవాళ్ళ పని, అది ఇప్పుడు బాగా లేదు. 2021 లెక్కల్లో వెల్ష్ మాట్లాడేవాళ్ళు 5 లక్షల 38 వేలు, జనంలో 17.8 శాతం, పదేళ్ళలో ఇరవై వేల పైచిలుకు తగ్గారు. కార్డిఫ్‌లో పెరిగారు. తగ్గింది ఎక్కడంటే పడమటి ఊళ్ళలో, ఆ భాష అంగట్లో, పొలంలో, పబ్బులో నడిచేచోట. లీన్ ద్వీపకల్పంలో అబెర్సోఖ్ అనే సముద్రపు ఊళ్ళో ఇళ్ళు సెలవులకొచ్చే డబ్బున్నవాళ్ళు కొనేస్తే అక్కడ పుట్టిన కుర్రాళ్ళకి కొనే తాహతు లేక వెళ్ళిపోయారు, పిల్లలు లేక 2021 చివర్లో ఊరి బడి మూసేశారు. ఆ తర్వాత గ్వినెథ్ కౌన్సిల్ రెండో ఇల్లున్నవాళ్ళ మీద 150 శాతం అదనపు పన్ను వేసింది. ఆలస్యమైనా మంచి పని, మిగతా కౌన్సిళ్ళూ అంత దూరం వెళ్ళాలి. 2050 నాటికి బడి పూర్తిచేసే ప్రతి పిల్లకీ పిల్లాడికీ వెల్ష్ సొంతంగా మాట్లాడటం రావాలని 2025లో సెనెథ్, అంటే వేల్స్ పార్లమెంటు, చట్టం కూడా చేసింది. కానీ వెల్ష్ మీడియంలో ఫిజిక్స్, మ్యాథ్స్ చెప్పే సెకండరీ టీచర్లు ఇప్పటికే దొరకట్లేదు, ట్రైనింగ్ సీట్లు నిండట్లేదు, జీతాల విషయం ఎవరూ గట్టిగా ఎత్తట్లేదు. వచ్చే సెనెథ్ ఎన్నికల్లో మా వీధికి ఓటు అడగడానికి వచ్చే ప్రతి కాండిడేట్‌నీ నేను అడగబోయేది ఈ టీచర్ల సంగతే.